నాలుక కింది పొర

గిన్నెలో పిండిన చనుబాలల్లో పరీక్షకని వేసిన చీమ చచ్చి తేలింది.

"నీ పాలు సెడిపోయేయే అమ్మా. పిల్లడికి ఇయ్యకు," అని మరిడమ్మ కూతురికి తేల్చి చెప్పేసింది.

పాలల్లో పడ్డ చీమ చావక ఈత కొడుతుందా అని అడిగేవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

పురిటికి పుట్టింటికొచ్చిన సుప్రియకు తల్లి మాటంటే వేదం. పిల్లవాడు రొమ్ము అందుకుంటాడు, అది జారిపోతుంది, గుక్కపట్టి ఏడుస్తాడు. ఉగ్గుగిన్నెతో పోసిన ఆవుపాలు కూడా సగం బయటికే కారిపోతున్నాయి. పుట్టినప్పటికంటే చిక్కిపోయాడు. వీడు దక్కడేమోనని ఆమె భయం.

అది రెండువేల మూడు, మే నెల. అనకాపల్లిలో రోళ్ళు పగిలే ఎండ.

మిట్టమధ్యాహ్నం సుప్రియ ఒళ్ళో పిల్లవాడు ఏడుస్తుండగా గుమ్మంలో ఎవరో ముసలాయన నిలబడ్డాడు. భుజం మీద గోనెపట్టా. మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసేవాడిలా ఉన్నాడు.

"పిల్లడు రొమ్ము పట్టడం లేదా తల్లీ?"

మాట ముద్దముద్దగా వచ్చింది. రెండోసారి చెబితేగానీ సుప్రియకు అర్థం కాలేదు.

"లేదు తాతా."

ఆయన నోరు తెరిచి నాలుక పైకెత్తబోయాడు. అది లేవలేదు. కిందనున్న సన్నటి పొర ఒకటి నాలుక కొసను పట్టి లాగుతోంది. దాన్ని వేలితో చూపించి, పిల్లవాడి వైపు చెయ్యి తిప్పాడు.

"ఆడికీ సూడు."

లోపల్నుంచి మరిడమ్మ వచ్చింది. ఆయన్ని చూసి ఒక్క క్షణం ఆగిపోయింది.

"బాలింతరాలి ముందు ఆ కోతి సేట్టలేటి? ఫో ఇక్కణ్ణుంచి!"

"కాసిన్ని మంచినీళ్ళు..."

"నీళ్ళూ లేవు, గీళ్ళూ లేవు!" తలుపు ధడాలున మూసేసింది.

"పాపం, ముసలోడమ్మా."

"మాటే తిన్నగా రానోడికి మనింట్లో ఏటి పని? నలుగురూ ఇంటే నవ్వుతారు."

తల్లి వంటింట్లోకి వెళ్ళాక సుప్రియ బిడ్డ నాలుక వేలితో ఎత్తి చూసింది. అదే పొర.

మర్నాడు పొద్దున్నే, తల్లి వద్దంటున్నా వినకుండా బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్ళింది. మరిడమ్మ సణుక్కుంటూనే వెంట నడిచింది.

"ఈ పొర అందరికీ ఉంటుందమ్మా," అంది డాక్టరమ్మ. "వీడికి పొట్టిగా, కొసదాకా అంటుకుని ఉంది. నాలుక ముందుకు సాగితేనే కదా రొమ్ము పట్టేది! నీ పాలకేం దోషం లేదు."

చిన్న కత్తెరతో ఒక్క కత్తిరింపు. రెండు చుక్కల నెత్తురు. వెంటనే రొమ్ము పట్టించింది. బిడ్డ గుటక వేసిన చప్పుడు విని సుప్రియ భోరున ఏడ్చింది.

"ఇది కొన్ని కుటుంబాల్లో వస్తుంటుంది. మీవాళ్ళలో ఎవరికైనా ఉందా?"

"మా అత్తోరింట్లో ఎవులికీ లేదండి. మా నాన్ననైతే నేను సూడ్నేదు. నేను కడుపులో ఉండగానే దేశాలు పట్టి పోయేడంట."

మరిడమ్మ గోడవైపు తిరిగి నిలబడింది.

ఇంటికి రాగానే సుప్రియ పక్కింటి తాతబ్బాయిని మార్కెట్టుకి పంపింది. ముసలాయనకు కడుపునిండా అన్నం పెట్టి, కాళ్ళకు దణ్ణం పెట్టాలని ఆమె ఆశ.

తాతబ్బాయి ఒక్కడే తిరిగొచ్చాడు.

"నిన్న సాయంత్రమే పోయేడంటమ్మా. ఎండదెబ్బకి షెడ్డు కాడ పడిపోయేడంట. నా అన్నోళ్ళు ఎవులూ లేరని పొద్దున్నే పూడ్సీసేరు."

"గుక్కెడు నీళ్ళైనా ఇయ్యనేదమ్మా మనం!" సుప్రియ తల్లివైపు తిరిగింది.

మరిడమ్మ గుమ్మంలోనే చతికిలబడి, కొంగుతో నుదుటి బొట్టు తుడిచేసుకుంది.