జలకాలావిడ

ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపేసినా కరెంటు మీటరు తిరుగుతూనే ఉంది.

కోడలు హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని దాన్నే చూస్తూ నిలబడింది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి."

భర్త బూటు లేసు కట్టుకోకుండానే వచ్చాడు.

"ఫ్యాన్లు ఆపాను. ఫ్రిజ్ కూడా ఆపాను. మరి ఇదెవరి కోసం తిరుగుతోంది?"

ఇద్దరూ పెరటివైపు చూశారు. వెనకగది తలుపు సందులోంచి ఆవిరి వస్తోంది.

"ఇంకెవరు, మన జలకాలావిడే. మహారాణిగారికి వేణ్ణీళ్ళు కాగుతున్నాయి," అన్నాడతను.

వెనకగదిలో అద్దెకుంటున్నది వయసు మళ్ళిన ఒంటరి మనిషి. నీళ్ళూ కరెంటూ అద్దెలోనే కలిపి ఇచ్చారు. ఆవిడ రోజూ బకెట్ల మీద బకెట్లు పడుతుంది, హీటరు పెట్టి కాస్తుంది. అందుకే ఆ పేరు.

కోడలికి మాత్రం అది నవ్వులాట కాదు.

భర్త పనిచేసే ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు ఎత్తేశారు. ముందుగదిలో అత్తగారు కాలూ చెయ్యీ మాటా పడిపోయి మంచంలో ఉంది. పగలు చూసుకోవడానికి ఆయా వస్తుంది. బిల్లులు తగ్గకపోతే ఆయాను మాన్పించాలి. ఆయా లేకపోతే అత్తగారిని ఏ ఆశ్రమంలోనో వదలాలి.

"నాకు అమ్మ లేని లోటు తెలియనివ్వని మనిషండీ. ఆవిణ్ణి ఎక్కడికీ పంపను," అని తేల్చేసింది కోడలు.

అందుకే గీజరు వాడటం మానేసింది. ఆఫీసుకి వెళ్తూ స్నానాలగదికి తాళం వేస్తుంది. అత్తగారి కోసం ఆయాకి ఒకే ఒక్క బకెట్ నీళ్ళు పెడుతుంది. అయినా ఆవిడ ఒంటిమీద చిన్న పుండు లేదు, పక్కలో వాసన లేదు. చూడ్డానికొచ్చినవాళ్ళు ఆయాను తెగ మెచ్చుకునేవారు.

కోడలు వెనకగది తలుపు తట్టింది.

"పిన్నిగారూ, ఒక్క మనిషికి ఇన్ని నీళ్ళెందుకండీ?"

ముసలావిడ తడబడింది. "స్నానానికేనమ్మా."

"స్నానం మీకా, ఏనుక్కా?" అన్నాడు భర్త.

"ముసలి ఒళ్ళు కదా నాయనా, వేణ్ణీళ్ళు పడకపోతే నిలవదు."

"మా అత్తయ్య మంచంలో ఉన్న మనిషి. ఆవిడకే ఒక్క బకెట్ సరిపోతోంది. మా ఆయాని చూసి నేర్చుకోండి," అంది కోడలు.

పెరటి గుమ్మంలో నిలబడ్డ ఆయా ఏదో అనబోయింది.

"నీకేంటే ఇక్కడ? లోపల పెద్దావిడ ఒక్కతే ఉంది, పో," అని ముసలావిడ కసిరింది.

ఆ ఆదివారమే ప్లంబరు వచ్చాడు. వెనకగది కుళాయి ఊడదీసి పైపు మూతికి బిరడా బిగించాడు. ప్లగ్గు కూడా పీకించేశారు. గదికి ఒక బల్బు మిగిలింది.

"తాగడానికీ వంటకీ రోజూ బిందెడు నేనే పెడతాను," అంది కోడలు.

"కరెంటు తీసెయ్ తల్లీ, ఏమీ అనను. కుళాయి మాత్రం ఉంచమ్మా."

"కుదరదండీ. కష్టంగా ఉంటే వేరే గది చూసుకోండి."

"ఎక్కడికీ వెళ్ళనులే," అంది ముసలావిడ మెల్లగా.

మర్నాటి నుంచి ఆవిడ వీధి చివరి కుళాయి నుంచి నీళ్ళు మోయడం మొదలుపెట్టింది. రెండడుగులు వేసి బకెట్ దించేది. నడుం పట్టుకుని మళ్ళీ ఎత్తేది.

"చూశావా, ప్రాణం పోయినా జలకాలు మానదు," అని భర్త నవ్వాడు. కోడలికీ నవ్వొచ్చింది.

ఒక వాననాడు ఆవిడ బకెట్‌తో సహా వీధిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు. అన్నకొడుకట, ఎవరో వచ్చి శవాన్ని తీసుకుపోయాడు.

"పాపం, ఆ నీళ్ళ పిచ్చే ఆవిణ్ణి మింగేసింది," అని కోడలు కళ్ళు తుడుచుకుంది.

తర్వాత వచ్చిన నీళ్ళ బిల్లూ కరెంటు బిల్లూ బాగా తగ్గాయి. కోడలు పరుగున వెళ్ళి మంచం పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, గట్టెక్కాం! ఆయా ఉంటుంది. మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు."

అత్తగారి కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. సంతోషంతోననుకుంది కోడలు.

కొన్నాళ్ళకి ముందుగదిలో వాసన మొదలైంది. కిటికీలు తెరిచి పెట్టారు. పోలేదు. అత్తగారికి జ్వరం పట్టుకుంది. మందు బిళ్ళలకి తగ్గలేదు. డాక్టరు వచ్చి అత్తగారిని పక్కకి ఒత్తిగిల్లించాడు.

ఆ వీపు చూసి కోడలు గోడ పట్టుకుంది.

"పుళ్ళు ఎముక దాకా వెళ్ళాయి. విషం రక్తంలో కలిసింది. ఇప్పుడు చేసేదేమీ లేదమ్మా," అన్నాడు డాక్టరు.

"మొన్నమొన్నటిదాకా ఒళ్ళు అద్దంలా ఉండేది కదండీ! అదే ఆయా, అదే బకెట్. ఏం మారిందని?"

ఆయా మంచంకోడు దగ్గర కూలబడింది.

"పక్కలోనే అన్నీ అయిపోయే మనిషికి ఒక్క బకెట్ ఏం సరిపోతుందమ్మగారూ? చాలదంటే నన్ను మాన్పించేస్తారని నోరెత్తలేదు. ఆవిడా చెప్పొద్దంది."

"ఎవరే?"

"మీరటు వెళ్ళగానే ఆ వెనకగది పిన్నిగారే వేణ్ణీళ్ళు మోసుకొచ్చి, పెద్దమ్మగారిని ఒళ్ళో పెట్టుకుని స్నానం చేయించి, దుప్పట్లన్నీ ఉతికి ఆరేసేదమ్మా, తను మాత్రం తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకునేది."