లేబుల్ లేని బటన్

“అమరేందరన్నంటే నువ్వేనా?”

మోత్కూర్‌లో నా ఇంటర్నెట్ సెంటర్ గడప మీద తెల్లకర్రతో నిలబడి అడిగింది ప్రణీత.

“నేనే. చెప్పు చెల్లె.”

“నల్గొండల హాస్టల్ సీటుకు వాళ్ల వెబ్‌సైట్ల ఫారం నింపుదామని నాలుగు రోజులు ఫోన్‌తోటి కొట్లాడిన. గడువు నిన్ననే అయిపోయింది. సీటు దొరకకుంటే చదువు బంద్ చేసి ఇంట్లనే కూసోమంటాండు బాపు.”

వీడియోలు చూసి నేర్చుకుని నేనూ అడిగినవాళ్లకల్లా చిన్నచిన్న సైట్లు చేస్తాను. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

“ఏ పని రానోడు చేసిండే ఆ సైటును? వినిపియ్యి!”

ఆమె ఫోన్ తీసింది. చూసే పని లేదు గనుక తెర నల్లగా ఆర్పే ఉంది. వేలు జరుపుతుంటే దాని కింద ఉన్నదాన్ని ఫోన్ బిగ్గరగా చదివింది.

“చిత్రం. చిత్రం. లేబుల్ లేని బటన్. చిత్రం.”

“థూ! అందం కోసం అక్షరాలన్నీ బొమ్మలు చేసి అతికిచ్చిండు లుచ్చగాడు. వాని నంబర్ దొరకాలె, చెప్త వాని సంగతి!”

ఆమె వేలు తెర అడుగుదాకా జరిగి ఆగింది. ఫోన్ మళ్లీ చదివింది.

“ఈ వెబ్‌సైట్ తయారీ: అమరేందర్, మోత్కూర్.”



“నాలుగు రోజులల్ల నా ఫోన్ చదివిన లైను గిదొక్కటే అన్నా,” అంది ప్రణీత. “గందుకే బస్సెక్కి నీ దగ్గరికొచ్చిన.”