వంకర పువ్వు

పెడన అద్దకం షెడ్డులో నాంచారమ్మ చేతి కడియం మళ్లీ ఝల్లుమంది. ఇంటివాళ్ల మాటలూ బొమ్మలూ భద్రపరిచే జ్ఞాపకాల పెట్టె ఏ కాస్త దాచుకున్నా, "దాచాను" అంటూ కడియాన్ని కదిలిస్తుంది. ఈ రోజుల్లో అందరి చేతులకూ ఈ బాధ ఉన్నదే. ఆ అదురుకి చెక్క అచ్చు జారి చీర మీద పువ్వు వంకరపోయింది. ఈ వారంలో ఇది మూడో చీర. ఇంకొకటి పాడైతే పనిలోకి రావద్దన్నాడు యజమాని.

"కడియం తీసి పక్కన పెట్టొచ్చుగా పిన్నీ," అంది పెట్టెలు బాగుచేసే ఝాన్సీ.

"పిలుపులొచ్చేదీ దీనికేగా. మీ బాబాయి ఆఖరి పిలుపు అలా తీసిపెట్టిన రోజే వచ్చిందే. ఇప్పుడు నా కూతురు వకుళ సముద్రం అడుగున పనిచేస్తోంది. చచ్చినా తియ్యను."

ఝాన్సీ కడియాన్ని అటూ ఇటూ తిప్పి ఏదో సర్దింది.

"ఇక ప్రతిదానికీ కదలదు. అన్నీ పోగుచేసి, నువ్వు ఒక వరస పువ్వులు అద్దడం అయ్యాక ఒక్కసారే చెబుతుంది. వకుళ పిలిస్తే మాత్రం ఆగదు."

"ఆగితే?"

"నా జడ కోసెయ్యి."

నాంచారమ్మకు నమ్మకం కుదరలేదు. చీర బదులు పాత దుప్పటి ముక్క పరిచి, ఒక వరస అద్దింది. కడియం ఊరుకుంది. ఆ ఊరుకోవడానికే భయపడి ఆమె రెండుసార్లు దానికేసి చూసుకుంది. వరస చివర ఒక్కసారి కదిలి, నలభై మూడు దాచానంది. రెండో వరస మధ్యలో ఉండగా ఝల్లుమంది.

"అమ్మా, అన్నం తిన్నావా?"

వకుళ గొంతు. అచ్చు జారింది.

మాటలయ్యాక నాంచారమ్మ కళ్లు తుడుచుకుని, ఆ దుప్పటి ముక్కను ఎదురుగా దండెం మీద ఆరేసింది. అన్నీ తిన్నని పువ్వులే, ఒక్కటి తప్ప.

"చీర మీద కూడా ఇలాగే జారితే?" అంది ఝాన్సీ నవ్వుతూ.

"ఆ ఒక్క పిలుపుకీ చెయ్యి బిగబట్టడం నేర్చుకుంటాలే," అంటూ ఆమె కొత్త చీర పరిచింది.