దుప్పట్లక్క ఎంబీఏ

సాయంత్రం అయిదింటికి ఫారం మూసేస్తారు. అప్పటికే మూడున్నర అయింది.

ఆన్‌లైన్ ఎంబీఏలో మొదటి ఏడాది ఎలాగో గట్టెక్కిన దుప్పట్లక్క, రెండో ఏడాదికి ఏ స్పెషలైజేషన్ తీసుకోవాలో తేల్చుకోలేక తల పట్టుకుని కూర్చుంది. కూర్చున్నది కూడా పెద్దాస్పత్రి అడుగంతస్తులో, ఉతికి మడతపెట్టిన దుప్పట్ల బొత్తుల మధ్య స్టూలు వేసుకుని.

అక్కడ ఆమె పద్నాలుగేళ్లుగా సూపర్‌వైజరు. సొంత పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

వచ్చే ఏడాది మేనేజరు రిటైరవుతాడు. ఆ కుర్చీకి ఈసారి ఎంబీఏ ఉండాలన్నారు. ఆ చదువులోనేమో, ఒకసారి ఎంచుకున్నాక మార్చుకోవడానికి లేదు.

"ఫైనాన్స్ తీసుకో వదినా. మిగతావన్నీ తాలు," అన్నాడు మరిది.

"మార్కెటింగ్ అయితే నీ నోటికి సరిపోతుంది," అన్నాడు భర్త. అది పొగడ్తో కాదో ఆమెకింకా తేలలేదు.

కాలేజీ పంపిన కాగితంలో సలహాల కోసం ఒక నంబరుంది. పొద్దుట్నుంచీ చేస్తుంటే ఎంగేజ్. విసుగ్గా అంకెలన్నీ మళ్లీ నొక్కింది. ఈసారి మోగింది.

"హలో," అంది ఒక ముసలి గొంతు.

"నమస్కారమండీ. ఎంబీఏ రెండో ఏడాదికి స్పెషలైజేషన్ ఎంచుకోవాలి. గంటన్నరే టైముంది. దయచేసి ఇంకెవరికో కలపకండి. మీరే చెప్పండి."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"సరేనమ్మా. ఏమేం ఉన్నాయో చెప్పు."

ఏమున్నాయో ఈయనకే తెలియదా? ఆమెకు ఒళ్లు మండింది. అయినా తమాయించుకుని కాగితం తీసింది.

"ఫైనాన్స్, మార్కెటింగ్, హెచ్ఆర్, ఆపరేషన్స్."

"ఒక్కోటీ ఏంటో నాకు అర్థమయ్యేలా చెప్పు."

పరీక్ష పెడుతున్నాడు కాబోలనుకుంది. పేజీ తిప్పి ఫైనాన్స్ గురించి నాలుగు ముక్కలు అప్పజెప్పింది. మార్కెటింగ్ గురించి అయిదు. హెచ్ఆర్ దగ్గర నాలుక రెండుసార్లు మడతపడింది.

"ఆఖరుదో?"

"ఆపరేషన్స్ అంటే... ఎలా చెప్పాలి? శనివారం మా ఆస్పత్రిలో చాలామంది రోగులు ఇళ్లకెళ్లిపోతారండీ. ఆ మంచాల దుప్పట్లన్నీ ఒక్కసారే కిందికొస్తాయి. ఆదివారం సగం మిషన్లే తిరుగుతాయి. సోమవారం పొద్దున్న పిల్లల వార్డులో అడిగితే ఒక్కటుండదు. జ్వరంతో వచ్చిన పసివాణ్ణి వట్టి పరుపు మీద పడుకోబెట్టడం నా కళ్లతో చూశాను. అందుకని వాళ్ల వాటా శనివారమే విడిగా తీయించడం మొదలుపెట్టా. దుప్పట్లు మోసే తోపుడు బళ్లు తిరిగే దారి కూడా మార్చా. ఇప్పటికీ వానాకాలంలో తేడా వస్తుంది. అదెందుకో ఇంకా పట్టుకోవాలి..."

ఎంతసేపు మాట్లాడిందో ఆమెకే తెలియదు. ఆగేసరికి గొంతెండిపోయింది.

"తల్లీ," అన్నాడు పెద్దాయన, "ముందు మూడూ చెప్పేటప్పుడు కాగితాల చప్పుడు వినపడింది. ఇది మాత్రం చూడకుండా చెప్పావు."

ఆమె ఒళ్లో చూసుకుంది. కాగితం ఎప్పుడు జారిపోయిందో, నేల మీద ఉంది.

"మరి దీన్లో కూడా ఆరు కోర్సుల్లోంచి రెండు తీసుకోవాలండీ."

"వాటినీ అలాగే చెప్పు. నాకు తొందరేం లేదు."

ఆరూ చెప్పింది. నాణ్యత గురించి, సరుకు చేరవేత గురించి చెబుతున్నప్పుడు మాటలు వాటంతటవే దొర్లాయి.

"ఏవి తీసుకోమంటారు?"

"ఇంకా నన్నడుగుతావేంటమ్మా? నువ్వే తేల్చేశావుగా."

నాలుగుంబావుకి ఫారం పంపేసి, బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకుంది. ఆ హడావిడిలో పెద్దాయన పేరైనా అడగలేదు.

ఆ ఏడాది చదువు ఆమెకు చదువులా అనిపించలేదు. పొద్దున పాఠంలో విన్నది సాయంత్రం తోపుడు బళ్ల దగ్గర చేసి చూసేది. వానాకాలపు చిక్కు కూడా వీడింది. మేనేజరు కుర్చీ ఆమెకే వచ్చింది. మరిది సంతోషించాడు, ఫైనాన్స్ అయితే ఇంకా పైకెళ్లేదానివన్నాడు.

చివర్లో కాలేజీ ఒక ఫారం పంపి, మీకు ఎక్కువగా సాయపడింది ఎవరని అడిగింది. 'సలహాల నంబర్లో మాట్లాడిన పెద్దాయన' అని రాసింది. రెండు రోజులకు అక్కణ్ణించి ఫోనొచ్చింది.

"మేడమ్, ఆ పనిలో ఉన్నది మేం ముగ్గురం. ముగ్గురం ఆడవాళ్లమే."

ఆమె పాత కాగితం వెతికి, ఫోన్లో ఆ రోజు తను చేసిన నంబరుతో పోల్చి చూసింది. చివరి రెండంకెలు తారుమారయ్యాయి.

అప్పటికప్పుడే ఆ నంబరుకు చేసింది. ఒక పెద్దావిడ ఎత్తింది. సంగతంతా విన్నది.

"ఆ దుప్పట్ల అమ్మాయివి నువ్వేనా? ఆ రోజు అన్నం దగ్గర కూడా నీ కబుర్లే. నంబరు తప్పని చెబుదామనుకున్నారట. పిల్ల కంగారులో ఉంది, కాస్త వింటే పోయేదేముంది అన్నారు."

"ఒక్కసారి ఆయనకివ్వండమ్మా. థాంక్స్ చెప్పుకోవాలి."

"ఆయనకిప్పుడు బొత్తిగా వినపడదు తల్లీ. ఏడాది కావస్తోంది. మనిషి మాత్రం కులాసాగానే ఉన్నారు."

దుప్పట్లక్క వదల్లేదు.

"పోనీ, కాగితం మీద రాసి చూపించండమ్మా. నేను పాసయ్యానని, ఆయన చలవేనని."

పెద్దావిడ చిన్నగా నవ్వింది.

"నువ్వే ఒకసారి వచ్చి కనపడు తల్లీ, రాసి చూపిస్తే ఏం లాభం, ఆయన పుట్టి బుద్ధెరిగి బడి గడప తొక్కలేదు, అక్షరమ్ముక్క రాదు."