ఆఖరి మూడు గుంజలు

పెన్ను మూత తీసి పావుగంటైనా మాస్టారు రిపోర్టు మీద సంతకం పెట్టలేదు. చూసిన పేజీలే మళ్ళీ చూస్తున్నారు. ఎదురుగా నిలబడ్డ గడ్డి డాక్టరు ఆ పెన్ను వైపే చూస్తున్నాడు.

ఇంకా డాక్టరేటు రాలేదు లెండి. మూడేళ్ళుగా ఏటి ఒడ్డున గడ్డి లెక్కపెడుతున్నాడని తోటివాళ్ళు పెట్టిన పేరది. నవ్వులాట పనేం కాదు. ఒడ్డు పైనుంచి నీటి అంచు దాకా పన్నెండు గుంజలు పాతి ఉంటాయి. ఎగువన ఆనకట్ట తలుపులు ఎత్తితే నీరు పెరుగుతుంది, దించితే తగ్గుతుంది. పదిహేను రోజులకోసారి వెళ్ళి, ఒక్కో గుంజ దగ్గరా ఏ మొక్క బతికింది, ఏది కుళ్ళింది రాసుకోవాలి. గొట్టం దింపి మట్టి తీసి, ఆరబెట్టి తూచి, నేలలో నీరెంతో తేల్చాలి.

మొదటి వానాకాలంలోనే అతను పదో గుంజ దగ్గర నడుముదాకా బురదలో దిగబడ్డాడు. చేతికందిన తుంగ పట్టుకుని ఎలాగో బయటపడ్డాడు. ఆ తర్వాత ఆఖరి మూడు గుంజల వైపు వెళ్తే ఒట్టు.

మరి ఆ మూడింటి లెక్క? లైబ్రరీలో మాస్టారి పాత పుస్తకం ఉంది. ముప్పై ఏళ్ళ కిందట అదే ఒడ్డున, అవే గుంజల దగ్గర తీసిన అంకెలు. ఇక్కడో రెండు కలిపి, అక్కడో రెండు తీసేసి, ఫ్యాను కింద దొరలా కూర్చుని రాసేశాడు. గడ్డి లెక్కపెట్టమంటే గడ్డి తిన్నాడన్నమాట.

అతను ఏటి నుంచి వచ్చిన ప్రతిసారీ మాస్టారు ఆత్రంగా అడిగేవారు. "ఏమయ్యా, ఏమైనా తేడా వచ్చిందా?"

"లేదు సార్. అచ్చం మీ లెక్కే."

మొన్న సెమినారులో ఆ అంకెలు తెర మీద పడగానే హాలంతా చప్పట్లు. ముప్పై ఏళ్ళయినా ఒడ్డు చెక్కుచెదరలేదన్నారు. మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి గడ్డి డాక్టరు సిగ్గుతో చచ్చిపోయాడు.

"అందరూ మెచ్చుకున్నారటగా, మొహం అలా వేలాడేశావేంరా?" అని అడిగింది అమ్మ.

"నీరసంగా ఉందమ్మా" అన్నాడు.

నీరసం కాదు. ఈ రిపోర్టు చూసుకుని ఆ ఒడ్డున రెండు వందల ఇళ్ళు కట్టబోతున్నారని పేపర్లో చదివాడు. తనను నడుముదాకా మింగిన నేల మీద జనం పిల్లాపాపలతో కాపురం ఉంటారు. నిజం చెబితే మూడేళ్ళ చదువు ఏట్లో కలిసినట్టే. చెప్పకపోతే ఆ ఇళ్ళ గతి ఏమిటి?

మాస్టారి పెన్ను కాగితానికి ఆనింది.

"సార్, పెట్టకండి!"

ఆయన తలెత్తారు.

"ఆఖరి మూడు గుంజల దగ్గరికి నేను వెళ్ళలేదు సార్. భయమేసింది. మీ పుస్తకం చూసి రాసేశాను. గడ్డి తిన్నాను. మీ పరువు తీశాను."

తిడతారనుకున్నాడు. కాగితాలు మొహాన కొడతారనుకున్నాడు. మాస్టారు పెన్నుకు మూత పెట్టారు. లేచి తలుపు దగ్గరగా వేశారు. ఎప్పుడూ లేనిది, తానే కుర్చీ లాగి కూర్చోమన్నారు.

"నీకంటే ముందు ఆ ఒడ్డుకి ముగ్గుర్ని పంపాను. తెలుసుగా?"

"తెలుసు సార్. వాళ్ళ అంకెలు కూడా మీవాటితో సరిపోయాయిగా. వాళ్ళు దిగారు, నేను దిగలేకపోయాను. అందుకే ఇంకా సిగ్గుగా ఉంది."

 మాస్టారు శిష్యుడి మొహంలోకి చూడలేక తల దించుకున్నారు.

"నేనూ ఆ మూడు గుంజల దాకా ఒక్కనాడైనా దిగలేదురా, ఎవడో ఒకడు నిజంగా దిగి నా లెక్క తప్పని తేలుస్తాడని నలుగుర్ని పంపితే, నలుగురూ నా అంకెలే తెచ్చారు."