గుట్టలోని కొమ్ము

శ్రావణ బహుళ పంచమి, మంగళవారం, సరిగ్గా మిట్టమధ్యాహ్నం జరిగిందిది. సున్నపురాతి గుట్ట మీద ముసలిమేక చెంగలమ్మ కొత్త కోడలు తెల్లిని ఇంట్లోంచి పొమ్మంటోంది.

"బోడితలని బాసికం చాటున దాచి అంటగట్టారు గదే నిన్ను! ఇది మా మూలపురుషుడి కొమ్ము. రోజూ తొలి మేత దీని ముందు పెట్టాకే మేం ముట్టేది. కొమ్ముల్లేనిదానివి దీని ఎదుట ఎలా నిలబడతావు?"

గుట్టలోంచి పొడుచుకొచ్చిన కొమ్ములాంటి ఆ రాయి గొంతు సవరించుకుంది.

"నేను మేకను కాను తల్లీ. ఈ గుట్ట సముద్రంగా ఉన్ననాడు అడుగున బతికిన పగడపు పురుగుని. ఇది నేనున్న గూడు. నాకు కొమ్ములే కాదు, తలే లేదు. నావాళ్లు ఒక్కరూ మిగల్లేదు."

చెంగలమ్మ నోట్లోని ఆకు జారిపోయింది.

"అయ్యో, మా అత్త పోతూ పోతూ ఈ కొమ్ముని నాకు అప్పగించిందే! ఇన్ని తరాలూ మేం మొక్కింది తల లేనివాడికా?"

తెల్లి మెల్లగా దగ్గరికొచ్చింది. "ఇన్ని తరాలు మన మేత అందుకున్నాక మనవాడు కాకుండా పోతాడా అత్తయ్యా?"



మర్నాడు పొద్దున్నే ఇంటిల్లిపాదీ రాయి ముందు చేరారు. తొలి మేత తెల్లి చేతే పెట్టించింది చెంగలమ్మ.