ఎర్ర అంచు గ్లౌజులు

మా ఆయన చాంగ్‌లిన్‌కు సైకిళ్ల ఫ్యాక్టరీలో నెలనెలా రెండు జతల నూలు గ్లౌజులిస్తారు. మా హర్బిన్ ఊళ్లో ఏ మగాడూ వాటిని తొడుక్కోడు. ఇంటికి తెస్తే ఆడవాళ్లం విప్పి, ఆ దారంతో పిల్లలకు స్వెట్టర్లు అల్లుతాం. మా పాప స్వెట్టరుకు ఇంకా ఒక చెయ్యి అల్లాలి.

ఆ సాయంత్రం ఆయన మోకాలి లోతు మంచులో నడిచొచ్చి రెండు జతలూ నా ఒళ్లో పడేశాడు.

“ఇదిగో, ఇంక నా ప్రాణం తియ్యకు.”

విప్పబోయి ఆగాను. ఫ్యాక్టరీ గ్లౌజుల అంచుకు ఆకుపచ్చ దారం కుడతారు. వీటికి ఎర్రది. ఇవి సంతలో కొన్నవి.

ఆయన చేతులు చూశాను. చర్మం పగిలి, పగుళ్లలో బొగ్గు ఇరుక్కుంది. సైకిళ్ల ఫ్యాక్టరీలో బొగ్గెక్కడిది? రైల్వే యార్డులో బొగ్గు దించే కూలీల చేతులవి. ఫ్యాక్టరీ పని పోయి ఎన్నాళ్లయిందో!

“ఏంటే, అలా చూస్తున్నావ్?”

“ఏం లేదు. ఈ నెల తొందరగానే ఇచ్చారే!”

“మరి? నా పనితనం అలాంటిది.”

ఆయన అటు తిరగగానే ఎర్ర దారం లాగేసి పొయ్యిలో పడేశాను.

రాత్రి ఒక జత విప్పేసి, తెల్లారి మిగిలిన జత ఆయనకు గుమ్మం దగ్గర అందించాను.

“ఇవి తొడుక్కెళ్లయ్యా. పాప స్వెట్టరు ఆగుతుందిలే.”

“నాకెందుకే? ఫ్యాక్టరీ లోపల వెచ్చగానే ఉంటుందిగా!”

“అవునులే,” అని ఆ జత కూడా విప్పడం మొదలుపెట్టాను.